ఆకాశంలో ఆఖరి అర నిమిషం: యంత్రం కాపాడిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న

2018 జులై 10. కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండిగో విమానం బెంగళూరు గగనతలంలో పైకి వెళ్తోంది. అదే సమయంలో, బెంగళూరులో బయల్దేరి కొచ్చి వెళ్తున్న అదే సంస్థ విమానం మరొకటి ఆ దాపుల్లోకి వచ్చింది. మొదటిదానికి 36,000 అడుగులకు, రెండోదానికి 28,000 అడుగులకు వెళ్లమని అనుమతి ఉంది. ఒకటి 27,300 అడుగుల ఎత్తులో, మరొకటి 27,500 అడుగుల ఎత్తులో ఉండగా రెండు కాక్‌పిట్లలోనూ హెచ్చరిక మోగింది. అప్పుడు వాటి మధ్య నిలువు దూరం 200 అడుగులు. పక్కల నుంచి తగినంత ఎడం లేనప్పుడు ఉండాల్సిన నిలువు దూరం 1,000 అడుగులు.

రెండు విమానాల్లో కలిపి 328 మంది ప్రయాణికులు. పైలట్లు హెచ్చరిక చెప్పినట్టు చేశారు. విమానాలు దూరంగా జరిగాయి. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. సంగతి రెండు రోజుల తర్వాత వార్తల్లోకి వచ్చింది.

ఇలాంటి వార్తలకు తెలుగు పత్రికల్లో ఒక శీర్షిక ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: 'త్రుటిలో తప్పిన పెను ప్రమాదం'. మర్నాటికి ఆ వార్త పాతబడిపోతుంది. ప్రమాదం తప్పింది కాబట్టి వ్యవస్థ పనిచేసినట్టే అనుకుంటాం. అందులో సగమే నిజం. పనిచేసింది ఆఖరి పొర మాత్రమే. దానికి ముందున్న పొరలు, అంటే విమాన మార్గాల రూపకల్పన, కంట్రోలర్ అనుమతులు, పైలట్లు వాటిని తిరిగి చదివి ఖరారు చేసుకోవడం, రాడార్ తెరపై పర్యవేక్షణ, వీటిలో కనీసం ఒకటి అప్పటికే జారిపోయింది. ఆ జారింది ఏమిటన్నది ఎంత నిజాయితీగా వెతుకుతున్నాం అన్న ప్రశ్న మీదే తర్వాతి విమానం భద్రత ఆధారపడి ఉంటుంది.

చర్ఖీ దాద్రీ తర్వాత

ఈ హెచ్చరిక యంత్రం పేరు టీక్యాస్. భారత ఆకాశంలో అది తప్పనిసరి కావడం వెనుక 349 మంది మరణం ఉంది.

1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీ నుంచి దహ్రాన్ బయల్దేరిన సౌదీ అరేబియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747, కజకిస్తాన్‌లోని షిమ్‌కెంత్ నుంచి ఢిల్లీ వస్తున్న ఇల్యూషిన్-76 హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద ఢీకొన్నాయి. సౌదీ విమానంలో 312 మంది, కజక్ విమానంలో 37 మంది. ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో ఎక్కువమంది గల్ఫ్‌లో పనులకు వెళ్తున్న భారతీయులే. గాల్లో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమంది చనిపోయిన సంఘటన ప్రపంచంలో మరొకటి లేదు.

కజక్ విమానానికి ఇచ్చిన అనుమతి 15,000 అడుగుల వరకే. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. ఆ 1,000 అడుగుల తేడా నిలిచి ఉంటే రెండూ ఒకదానిపై ఒకటిగా దాటిపోయేవి. ఎదురుగా సౌదీ విమానం వస్తోందని కంట్రోలర్ కజక్ సిబ్బందికి చెప్పారు కూడా. కానీ ఆ విమానం తనకిచ్చిన ఎత్తు దగ్గర ఆగలేదు, కిందికి దిగుతూనే పోయింది. దర్యాప్తు జరిపిన జస్టిస్ ఆర్.సి. లాహోటీ కమిషన్ తప్పు ప్రధానంగా కజక్ సిబ్బందిదేనని తేల్చింది.

కమిషన్ ముందుకు వచ్చిన విషయాలు మాత్రం ఒక్క సిబ్బంది తప్పుతో ముగిసేవి కావు. ఢిల్లీ చుట్టూ ఆకాశంలో చాలా భాగం సైన్యం చేతిలో ఉండేది. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకే ఇరుకు దారి. అప్పటి ఢిల్లీ అప్రోచ్ రాడార్ విమానం ఎక్కడుందో చూపించేది కానీ ఎంత ఎత్తులో ఉందో చూపించేది కాదు. ఎత్తు కోసం కంట్రోలర్ పైలట్ మాట మీదే ఆధారపడాలి. రెండు విమానాల్లోనూ టీక్యాస్ లేదు. అంటే కజక్ విమానం గీత దాటిన క్షణం నుంచి దాన్ని పట్టుకోగల కన్ను నేల మీదా లేదు, గాల్లోనూ లేదు.

ఆ తర్వాత రాకపోకల దారులు వేరు చేశారు. ఎత్తు కూడా చూపే సెకండరీ రాడార్ వచ్చింది. భారత్‌లోకి వచ్చే, పోయే పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటికీ టీక్యాస్ ఉండాలని నిబంధన పెట్టారు. చాలా దేశాల కంటే ముందే మన దేశం ఈ పని చేసింది.

యంత్రం చెప్పేది రెండే మాటలు

టీక్యాస్ నేల మీది రాడార్‌తో సంబంధం లేకుండా పనిచేస్తుంది. ప్రతి విమానంలోనూ ట్రాన్స్‌పాండర్ అనే పరికరం ఉంటుంది. అడిగితే తన గుర్తింపు, ఎత్తు చెబుతుంది. టీక్యాస్ దాదాపు ప్రతి సెకనూ చుట్టుపక్కల ట్రాన్స్‌పాండర్లను పలకరిస్తుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, వరుస జవాబులను బట్టి ఎంత వేగంగా దగ్గరవుతున్నాయో లెక్క కడుతుంది. దాని కొలమానం కిలోమీటర్లు కాదు, సెకన్లు. ఇదే తీరున సాగితే రెండూ అత్యంత దగ్గరకు రావడానికి ఇంకా ఎన్ని సెకన్లున్నాయి అన్నదే దాని లెక్క.

ఎత్తును బట్టి 20 నుంచి 48 సెకన్ల ముందు మొదటి హెచ్చరిక వస్తుంది: 'ట్రాఫిక్, ట్రాఫిక్'. అది చూసుకో, సిద్ధంగా ఉండు అని చెప్పడం. 15 నుంచి 35 సెకన్ల ముందు రెండోది వస్తుంది. అది హెచ్చరిక కాదు, ఆదేశం: 'క్లైమ్, క్లైమ్' లేదా 'డిసెండ్, డిసెండ్'. దీన్ని పైలట్లు ఆర్ఏ అంటారు. ఎదుటి విమానంలో కూడా టీక్యాస్ ఉంటే రెండు యంత్రాలూ ముందే మాట్లాడుకుంటాయి. ఒకటి పైకి అంటే రెండోది కిందికి అంటుంది. కుడికి, ఎడమకు తిరగమని ఎప్పుడూ చెప్పదు. పైకీ కిందికీ మాత్రమే.

ఎదురెదురుగా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రెండు విమానాలు సెకనుకు అర కిలోమీటరు దగ్గరవుతాయి. 35 సెకన్లంటే వాటి మధ్య 17.5 కిలోమీటర్లు. రాత్రి వేళ, మబ్బుల్లో, ఆ దూరం నుంచి కంటితో చూసి తప్పుకోవడం కుదిరే పని కాదు.

ఆదేశం వచ్చాక పైలట్ 5 సెకన్లలో స్పందించాలి. నిమిషానికి 1,500 అడుగుల చొప్పున ఎక్కాలి లేదా దిగాలి. అంటే సెకనుకు 25 అడుగులు. పైలట్ ఒక్క సెకను ఆలస్యం చేస్తే 25 అడుగులు పోయినట్టే. బెంగళూరు దగ్గర మిగిలిన ఆ 200 అడుగులను ఈ లెక్కలో కొలిస్తే 8 సెకన్లు. మనిషి 'ఇది నిజమేనా' అని ఆలోచించి, పక్క సీటు వైపు చూసి, రేడియోలో ఒక వాక్యం మాట్లాడేసరికి అయిపోయే సమయం అది.

రెండు గొంతుల మధ్య

యంత్రం ఒకటి చెప్పి, నేల మీద కంట్రోలర్ ఇంకొకటి చెబితే? ఈ ప్రశ్నకు ప్రపంచం చాలా ఆలస్యంగా, చాలా ఖరీదైన జవాబు కనుక్కుంది.

2001 జనవరి 31న జపాన్‌లోని యాయిజు దగ్గర, సురుగ అఖాతం పరిసరాల్లో, రెండు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు ఎదురుపడ్డాయి. శిక్షణలో ఉన్న కంట్రోలర్ ఒక విమానం నంబరు బదులు మరో విమానం నంబరు పలికి కిందికి దిగమన్నారు. ఆ 747లో టీక్యాస్ పైకి వెళ్లమంది. పైలట్ కంట్రోలర్ మాట విన్నారు. రెండో విమానం, డీసీ-10, తన టీక్యాస్ చెప్పినట్టు కిందికి దిగింది. అంటే రెండూ కిందికే. చివరి క్షణంలో కంటికి కనబడి, పైలట్లు విమానాన్ని ఒక్కసారిగా వంచి తప్పించారు. సుమారు 100 మందికి గాయాలయ్యాయి. ప్రాణాలు మిగిలాయి.

ఆ ఘటన మీద జపాన్ దర్యాప్తు తుది నివేదిక రాకముందే, 17 నెలల తర్వాత, అదే తప్పు జర్మనీలోని ఊబర్లింగెన్ మీద జరిగింది. 2002 జులై 1 రాత్రి, 36,000 అడుగుల ఎత్తులో, రష్యా నుంచి బార్సిలోనా వెళ్తున్న బష్కీరియన్ ఎయిర్‌లైన్స్ టుపొలేవ్-154, డీహెచ్ఎల్ సరకు విమానం బోయింగ్ 757 దగ్గరకు వచ్చాయి. జూరిచ్ కేంద్రంలో ఆ సమయానికి ఒక్క కంట్రోలరే రెండు పని స్థానాలు చూస్తున్నారు. సహోద్యోగి విశ్రాంతికి వెళ్లారు. మరమ్మతుల వల్ల ప్రధాన ఫోన్ లైన్ పనిచేయడం లేదు. రాడార్ హెచ్చరిక వ్యవస్థ కూడా పూర్తి స్థాయిలో లేదు. ఆలస్యంగా వచ్చిన మరో విమానాన్ని దించే పనిలో ఆయన ఉన్నారు. ప్రమాదాన్ని గుర్తించి టుపొలేవ్‌ను కిందికి దిగమన్నారు. కొన్ని సెకన్లలోనే ఆ విమానంలో టీక్యాస్ 'క్లైమ్' అంది. పైకి వెళ్లమంటోందని కోపైలట్ గుర్తుచేశారు కూడా. సిబ్బంది కంట్రోలర్ మాటనే పట్టుకున్నారు. డీహెచ్ఎల్ పైలట్లు తమ యంత్రం చెప్పినట్టు దిగారు. రెండూ దిగుతూ ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది సెలవులకు వెళ్తున్న పిల్లలు.

ఊబర్లింగెన్ కంట్రోలర్‌కు తన మాటకు విరుద్ధంగా కాక్‌పిట్‌లో మరో గొంతు పలుకుతోందని చివరి దాకా తెలియదు. ఆ విషాదంలో తన కుటుంబాన్ని పోగొట్టుకున్న ఒక తండ్రి 2004లో ఆయన్ని ఇంటి దగ్గరే పొడిచి చంపాడు. ఒక వ్యవస్థ తప్పుకు మరో ప్రాణం పోయింది.

ఆ తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధనల్లో అస్పష్టతను తొలగించింది. 2003 నుంచి నియమం ఒక్కటే: ఆర్ఏ వస్తే పైలట్ దాన్నే పాటించాలి, కంట్రోలర్ దానికి వ్యతిరేకంగా చెప్పినా సరే. 'టీక్యాస్ ఆర్ఏ' అని రేడియోలో చెప్పాలి. ఆ మాట విన్న కంట్రోలర్, 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని పైలట్ చెప్పే వరకు ఆ విమానం దారి మార్చే ఆదేశం ఏదీ ఇవ్వకూడదు. చాలా చోట్ల కంట్రోలర్ తెర మీద ఆర్ఏ కనిపించదు. పైలట్ నోటి మాట వల్లే ఆయనకు తెలుస్తుంది. కాబట్టి ఆ రెండు పదాలు పలకడం కూడా ప్రాణరక్షణలో భాగమే.

తెలిసినా ఎందుకు తడబడతారు?

నియమం స్పష్టంగా ఉంది. సిమ్యులేటర్‌లో శిక్షణ ఉంది. అయినా కొందరు ఆలస్యం చేస్తారు, కొందరు అతిగా స్పందిస్తారు, అరుదుగా కొందరు వ్యతిరేక దిశలో వెళ్తారు. దీనికి కారణాలున్నాయి.

మొదటిది 'నాన్నా పులి' కథ. ఒక విమానం నిమిషానికి 3,000 అడుగుల చొప్పున ఎక్కుతూ, పైనున్న మరో విమానానికి సరిగ్గా 1,000 అడుగుల కింద ఆగబోతోంది అనుకుందాం. ఆటోపైలట్ ఆగుతుందని పైలట్‌కు తెలుసు. టీక్యాస్‌కు తెలియదు. దానికి కనిపించేది దూసుకొస్తున్న వేగమే. అందుకని ఆర్ఏ ఇస్తుంది. ఇలాంటివి రెండు మూడు చూసిన పైలట్ మనసులో 'ఇదీ అలాంటిదే' అనే ఊహ మొలుస్తుంది. అది అలాంటిది కాని రోజు ఆ ఊహ ఖరీదు 25 అడుగులకు ఒక సెకను. ఇలాంటి అనవసర హెచ్చరికలు తగ్గాలంటే చేరాల్సిన ఎత్తుకు ముందు చివరి 1,000 అడుగుల్లో వేగాన్ని నిమిషానికి 1,500 అడుగుల లోపు ఉంచాలని ఐకావో సలహా ఇస్తోంది. దీన్ని పాటించడం విమానయాన సంస్థల చేతిలో పని.

రెండోది భయం. హెచ్చరిక మోగగానే కొందరు ఆటోపైలట్ తీసేసి విమానాన్ని బలంగా లాగేస్తారు. యంత్రం అడిగింది మెత్తని మార్పు. అతిగా లాగితే సీటు బెల్టు లేని ప్రయాణికులు, క్యాబిన్ సిబ్బంది గాయపడతారు. పైగా మరో ఎత్తులో ఉన్న మూడో విమానం దారిలోకి వెళ్లే ముప్పు ఉంది.

మూడోది మాట. పాత వెర్షన్‌లో 'అడ్జస్ట్ వర్టికల్ స్పీడ్' అనే ఆదేశం ఉండేది. అసలు అర్థం ఎక్కే లేదా దిగే వేగం తగ్గించమని. కొందరు పైలట్లు దానికి సరిగ్గా వ్యతిరేకం చేశారు. 7.1 వెర్షన్‌లో దాన్ని 'లెవెల్ ఆఫ్' అని మార్చారు. ఎదుటి విమానం ఆదేశం పాటించడం లేదని గుర్తిస్తే దిశ మార్చి చెప్పే తర్కాన్ని కూడా మెరుగుపరిచారు. ఊబర్లింగెన్ నేర్పిన పాఠం అది. ఎయిర్‌బస్ ఒక అడుగు ముందుకు వేసి, ఆర్ఏను ఆటోపైలటే పాటించే ఏర్పాటు తెచ్చింది. 2009లో ఎ380తో మొదలైన ఆ సదుపాయం ఇప్పుడు ఇతర ఎయిర్‌బస్ విమానాల్లోనూ ఉంది.

యంత్రానికి కనబడనివి

ఇంత ఉన్నా టీక్యాస్ సర్వరోగ నివారిణి కాదు. ఎదుటి విమానం ట్రాన్స్‌పాండర్ పనిచేయకపోతే దానికి ఆ విమానం లేనట్టే. 2006 సెప్టెంబర్ 29న బ్రెజిల్‌లో అమెజాన్ అడవి మీద జరిగింది అదే. ఒక చిన్న వ్యాపార జెట్‌లో ట్రాన్స్‌పాండర్ పనిచేయడం లేదు. గోల్ సంస్థ బోయింగ్ 737తో అది ఢీకొంది. 737లోని 154 మందీ మరణించారు.

నేలకు దగ్గరగా ఉన్నప్పుడు కూడా అది నోరు మెదపదు. సుమారు 1,000 అడుగుల కంటే కింద ఆర్ఏ రాదు. అంత తక్కువ ఎత్తులో దిగమని చెబితే అదే ప్రమాదం అవుతుంది. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు అవి సుమారు 300 అడుగుల ఎత్తులో ఉన్నాయి. విమానంలో 'ట్రాఫిక్' అన్న మొదటి హెచ్చరిక మోగింది. ఆదేశం రాలేదు, రాదు కూడా.

మన దగ్గర 2022 జనవరి 7న బెంగళూరులో జరిగింది కూడా నేలకు దగ్గరగానే. ఆ ఉదయం ఉత్తర రన్‌వే మీద విమానాలు బయల్దేరుతున్నాయి, దక్షిణ రన్‌వే మీద దిగుతున్నాయి. షిఫ్టు ఇన్‌చార్జి దక్షిణ రన్‌వే మూసేసి, అన్నీ ఉత్తరం నుంచే నడపాలని నిర్ణయించారు. ఆ సంగతి దక్షిణ టవర్ కంట్రోలర్‌కు చేరలేదు. కోల్‌కతా విమానానికి ఒక టవర్, భువనేశ్వర్ విమానానికి మరో టవర్ ఒకే సమయంలో అనుమతి ఇచ్చాయి. రెండూ ఇండిగోవే. రెండూ పైకి లేచి ఒకదాని వైపు ఒకటి వెళ్లాయి. రాడార్ కంట్రోలర్ చూసి చెరో వైపు తిప్పడంతో గండం గడిచింది. ఆ రోజు కాపాడింది ఒక మనిషి కన్ను.

ఆ ఘటన ఏ లాగ్‌బుక్‌లోనూ నమోదు కాలేదని, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి కూడా సమాచారం రాలేదని డీజీసీఏ అధికారులు అప్పట్లో మీడియాకు చెప్పారు. ఢీకొనబోవడం కన్నా ఈ మౌనమే ఎక్కువ కలవరపెట్టాల్సిన సంగతి.

ఇరుకవుతున్న ఆకాశం

ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. 2018 ఫిబ్రవరి 7న ముంబై గగనతలంలో భోపాల్ వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం, ఢిల్లీ నుంచి పుణె వెళ్తున్న విస్తారా విమానం నిలువుగా సుమారు 100 అడుగుల దూరానికి వచ్చాయి. ఎయిర్ ఇండియా పైలట్ ఆర్ఏను వెంటనే పాటించడం అందరి ప్రశంసలు పొందింది. విస్తారా తమ సిబ్బంది ఏటీసీ చెప్పినట్టే చేశారని చెప్పింది. ఎవరు ఏ ఎత్తు చెప్పారు, ఎవరు ఏం విన్నారు అన్నదే వివాదం. ముప్పై ఏళ్ల కిందట చర్ఖీ దాద్రీ మీద తలెత్తిన ప్రశ్న కూడా దాదాపు ఇదే. తేడా ఒక్కటే, ఈసారి గాల్లో యంత్రం ఉంది.

2023 నవంబర్ 17న ఢిల్లీలో వేర్వేరు రన్‌వేల నుంచి లేచిన రెండు ఇండిగో విమానాలు, ఒకటి హైదరాబాద్‌కు, ఒకటి రాయ్‌పుర్‌కు, దగ్గరకు వచ్చాయి. మళ్లీ ఆర్ఏ. అదే ఏడాది మార్చి 24న కాఠ్‌మాండూ దగ్గర ఢిల్లీ నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా విమానం 19,000 అడుగుల నుంచి కిందికి దిగుతుండగా, కౌలాలంపూర్ నుంచి వస్తున్న నేపాల్ ఎయిర్‌లైన్స్ విమానం 15,000 అడుగుల దగ్గర ఉంది. నేపాల్ పైలట్లు కిందికి దిగి తప్పించారు. చుట్టూ కొండలున్న కాఠ్‌మాండూలో కిందికి దిగడానికి కూడా చోటు లెక్కపెట్టుకోవాలి. అందుకే నేల దగ్గరవుతోందన్న హెచ్చరిక వస్తే అది టీక్యాస్‌ను మించి చెల్లుతుంది. నేపాల్ అధికారులు ముగ్గురు కంట్రోలర్లను సస్పెండ్ చేశారు.

విమానాలు పెరుగుతున్నాయి. ఢిల్లీలో నాలుగు రన్‌వేలున్నాయి. ముంబైకి పక్కనే 2025లో నవీ ముంబై విమానాశ్రయం మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఆకాశం పౌర విమానాలది మాత్రమే కాదు. హైదరాబాద్ చుట్టూ దుండిగల్, హకీంపేట వైమానిక దళ శిక్షణ కేంద్రాలున్నాయి. విశాఖలో ప్రయాణికుల విమానాలు దశాబ్దాలుగా నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే మీదే నడుస్తున్నాయి. ఇలాంటి చోట సైనిక, పౌర కంట్రోలర్ల మధ్య ఒక్క ఫోన్ కాల్ తప్పినా తేడా వస్తుంది.

మరోవైపు ఈ ఆకాశాన్ని కాసే మనుషులు చాలడం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయ్యాయి. కంట్రోలర్ల కొరత, అలసట గురించి కూడా అదే నివేదిక హెచ్చరించింది. జూరిచ్‌లో ఆ రాత్రి ఒక్క మనిషి రెండు తెరల మధ్య తిరిగిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

శిక్షకూ పాఠానికీ మధ్య

ఆర్ఏ వచ్చిన ప్రతిసారీ మన వ్యవస్థ మొదట అడిగేది 'ఎవరు' అని. పైలట్లను డ్యూటీ నుంచి తప్పిస్తారు. కంట్రోలర్‌ను పక్కన పెడతారు. కఠిన చర్య తీసుకుంటామని ప్రకటన వస్తుంది. నిర్లక్ష్యం ఉంటే శిక్ష ఉండాల్సిందే. కానీ పొరపాటు చెప్పుకుంటే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న చోట, ఎవరూ చూడని పొరపాట్లు లాగ్‌బుక్ దాకా రావు. బెంగళూరులో రాకపోవడం మనం చూశాం.

అసలు పోయేది ఎక్కడో చెప్పడానికి వాషింగ్టన్ కంటే మంచి ఉదాహరణ లేదు. ప్రమాదం తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పాత రికార్డులు తీసింది. 2011 నుంచి 2024 దాకా ఆ విమానాశ్రయంలో హెలికాప్టర్లు దగ్గరగా రావడం వల్ల నెలకు కనీసం ఒక ఆర్ఏ మోగింది. 2021 అక్టోబర్ నుంచి 2024 డిసెంబర్ మధ్య విమానం, హెలికాప్టర్ ఒక నాటికల్ మైలు లోపు, 400 అడుగుల లోపు నిలువు దూరంతో దాటిన సందర్భాలు 15,214. ఈ లెక్కలన్నీ ప్రమాదానికి ముందే కంప్యూటర్లలో ఉన్నాయి. ప్రతిసారీ ఏదో ఒక పొర పనిచేసింది. ప్రతిసారీ విమానం క్షేమంగా దిగింది. ఎవరూ కూడిక వేయలేదు.

కూడిక వేయడానికి నమూనాలు లేకపోలేదు. అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతున్న విధానంలో పైలట్లు, కంట్రోలర్లు పేరు బయటపడకుండా తమ పొరపాట్లను తామే చెప్పుకోవచ్చు. బ్రిటన్‌లో ఎయిర్‌ప్రాక్స్ బోర్డు దగ్గరగా వచ్చిన ప్రతి ఘటనను పరిశీలించి, రెండు పక్షాల కథనాలనూ పేర్లు లేకుండా ప్రచురిస్తుంది. మన ఏఏఐబీ తీవ్రమైన ఘటనల నివేదికలు బయటపెడుతుంది. మిగతావాటిని అలా ఒకచోట చేర్చి పైలట్లకూ కంట్రోలర్లకూ ప్రజలకూ అందించే ఏర్పాటు రావాలి.

సమాచారం కొత్తగా పుట్టించాల్సిన పని కూడా లేదు. పెద్ద విమానాల డేటాను సంస్థలు ఎలాగూ క్రమం తప్పకుండా విశ్లేషించాలి. ఏ ఆర్ఏ ఎక్కడ, ఏ ఎత్తులో వచ్చింది, పైలట్ ఎన్ని సెకన్లలో స్పందించారు, ఏ దిశలో వెళ్లారు అన్నది ఆ డేటాలోనే ఉంటుంది. అన్ని సంస్థల లెక్కలనూ పేర్లు తీసేసి ఒకే పటం మీద పెడితే, ఏ మలుపు దగ్గర, ఏ విమానాశ్రయం బయల్దేరే దారిలో హెచ్చరికలు మళ్లీ మళ్లీ మోగుతున్నాయో కనబడుతుంది. అక్కడ దారి మార్చాలి, లేదా అనుమతి ఇచ్చే పద్ధతి మార్చాలి, లేదా కంట్రోలర్లను పెంచాలి.

కేంద్ర పౌర విమానయాన శాఖను ఇప్పుడు నడుపుతున్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. కొత్త విమానాశ్రయాల ప్రారంభోత్సవాలు ఆ శాఖకు సులువుగా వార్తలు తెచ్చిపెడతాయి. డీజీసీఏ ఖాళీలు నింపడం, కంట్రోలర్ల డ్యూటీ గంటలకు హద్దు పెట్టడం, ఆర్ఏల లెక్క ఏటా ప్రజల ముందు పెట్టడం వార్తలు కావు. కానీ ప్రయాణికుడికి కావాల్సింది ఇవే.

చర్ఖీ దాద్రీ తర్వాత భారత్ సరైన యంత్రాన్ని సరైన సమయంలో తప్పనిసరి చేసింది. 2018 జులైలో హైదరాబాద్ విమానంలో ఉన్నవాళ్లు ఆ నిర్ణయం వల్లే ఇల్లు చేరారు. ఆ రోజు కాక్‌పిట్‌లో మోగిన ఆదేశం పైలట్లకు ఇచ్చిన గడువు అర నిమిషం. ఆ అర నిమిషం దాకా విషయం ఎందుకు వచ్చిందో తెలుసుకుని చెప్పడానికి నేల మీద ఉన్నవాళ్లకు కావాల్సినంత సమయం ఉంది.